గుసగుస గొంతు, అక్క చేతులు

"నానమ్మా, నీ పక్కన కూర్చున్న ఆవిడగారిని ఆ జామ్ సీసా కాస్త ఇటు జరపమను."

"ఆవిడగారికి చెవులున్నాయి కదే. నువ్వే అడగొచ్చుగా?" అంది నానమ్మ.

"నాకు ఆవిడతో పరిచయం లేదు."

చిన్నది జామ్ సీసాను అక్క ముందుకు తోసింది. అక్క దాని వంక కూడా చూడలేదు. నానమ్మ నిట్టూర్చి, సీసాను తన చేత్తో ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టింది. అప్పుడు మాత్రం అక్క మూత తీసి రొట్టెకు రాసుకుంది.

మూడు రోజులుగా ఇదే తంతు. బుధవారం సాయంత్రం నుంచి అక్క మాటలన్నీ నానమ్మ మీదుగానే వస్తున్నాయి. నానమ్మ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గరి టికెట్టును చేతులు మార్చి మార్చి వెనక తలుపు దాకా చేర్చిన అనుభవం ఆమెకు ఇప్పుడు ఇంట్లో పనికొస్తోంది.

"ఇవాళ శనివారం," అంది చిన్నది, పళ్ళెంలోని రొట్టె ముక్కతో మాట్లాడుతున్నట్టు తలొంచుకుని. "రేపటికి వంతెన వీడియో పెట్టాలి. అందరూ ఎదురుచూస్తున్నారు."

"నానమ్మా, పెట్టుకోమను. నేనేమైనా చెయ్యి పట్టుకుని ఆపానా?"

"అక్కా, నాకు ఆడటం రాదని నీకు తెలుసుగా."

దాంతో అక్క నానమ్మను మరిచిపోయి, నేరుగా చిన్నదాని వైపు తిరిగింది.

"రాదా? రాకపోవడమేంటి? 'ఆడేదీ నేనే, మాట్లాడేదీ నేనే' అని రాసిందెవరు? మూడొందల మంది చదివారు. చదివి పొగిడారు. 'ఎంత నెమ్మదైన చేతులు తల్లీ నీవి' అని ఒకావిడ రాసింది. నెమ్మదైన చేతులంట! చూపించు ఏవీ, నేను కూడా చూసి తరిస్తాను."

ఇదంతా అరిచి చెప్పిందనుకుంటే పొరపాటే. ఆ ఇంట్లో గొడవ పడటం కూడా గుసగుసల్లోనే. నాన్న రాత్రంతా రొట్టెల బట్టీలో పనిచేసి, పొద్దున తొమ్మిదింటికి కనుబొమల మీద పిండితో ఇల్లు చేరి, పదింటికల్లా నిద్రపోతారు. మూడున్నర దాకా ఆ ఇంట్లో గిన్నె కింద పడకూడదు, తలుపు కొట్టుకోకూడదు. కోపం వస్తే గాలి పంపు కొట్టినట్టు ముక్కుతో ఎగశ్వాస తీసి, మాటను మాత్రం పెదవుల మీదే పలకాలి. ఎప్పుడో చిన్నప్పటి నుంచీ అంతే. అక్కకు ఇప్పుడు పందొమ్మిది, చిన్నదానికి పదిహేను. ఇద్దరూ నోరారా పోట్లాడుకున్నది పండగ సెలవుల్లోనే.

"తప్పయిందక్కా," అంది చిన్నది.

"తప్పయింది అని ఎవరికి చెప్తున్నావు? నాకా? నా చేతులు నావేనని నాకు తెలుసుగా. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు."

గోడ పక్కన బల్ల మీద అమ్మ ఇస్త్రీ చేస్తోంది. చుట్టుపక్కల ఇళ్ళ బట్టలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఒకే బల్ల, కిటికీ వైపు సగం ఇస్త్రీకి, గోడ వైపు సగం కంప్యూటరుకు. అమ్మ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి ఇద్దరి వైపూ వేలు చూపించింది.

"మీ నాన్న లేచారంటే మీ ఇద్దర్నీ మడతపెట్టి ఆ బట్టల మూటలో పెట్టి పంపిస్తాను. ఏ ఇంటికి చేరతారో నాకు తెలీదు."

అక్క లేచింది. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని ఆమెది, శనివారం ఒంటిపూట. చెప్పులు వేసుకుంటూ ఆగి, సంచీలోంచి ఆటాడే కంట్రోలరు తీసింది. ఈ మూడు రోజులూ దాన్ని దుకాణానికి మోసుకెళ్ళి మోసుకొస్తోందన్న మాట! తెచ్చి బల్ల మీద, ఇస్త్రీ చేసిన చొక్కా మీద, పెళ్ళికూతురికి నగ పెట్టినట్టు పెట్టింది.

"నానమ్మా, ఆ నెమ్మదైన చేతుల ఆవిడకు ఇది ఇచ్చెయ్."

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. కోపంతో ఉన్న మనిషి తలుపును అంత మెల్లగా వేయడం చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. చిన్నదానికి రాలేదు.

*

ఆ ఆటలో ఒక కుందేలు ఉంటుంది. భుజాన సంచీ వేసుకుని కొండల మీదున్న ఇళ్ళకు ఉత్తరాలు పంచుతుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి, కంట్రోలరు ఎప్పుడూ పట్టుకోనివాళ్ళ కోసం ఆ ఆట వీడియోలు చేస్తున్నారు. ఏ మీట నొక్కితే నడుస్తుంది, ఏది నొక్కితే దూకుతుంది, ఉత్తరం ఏ తలుపు కింద తోయాలి అన్నీ మొదటి నుంచీ చెబుతారు.

అక్క ఆడుతుంది. కంప్యూటరు తెర మీద జరిగేదంతా రికార్డు అవుతుంది. ఆ తర్వాత చిన్నది దాన్ని చూస్తూ, దుప్పటి ముసుగులో మైకు పెట్టుకుని, నాన్న నిద్ర చెడకుండా గుసగుసగా వివరిస్తుంది. నాన్న నిద్ర కోసం మొదలైన ఆ గుసగుసే జనానికి నచ్చింది. చెవిలో పక్కింటి పిల్ల రహస్యం చెబుతున్నట్టుందని రాశారు. 'గుసగుస' అని వాళ్ళే పేరు పెట్టారు.

అక్క చేతులు బంగారం. కానీ ఎలా ఆడిందో అడిగితే మాత్రం "అదేముందీ, దూకాలి, అంతే" అంటుంది. చెప్పడం చిన్నదాని పని. అదీ తరగతిలో హాజరు పలికినా వినపడక రెండుసార్లు రానట్టు రాయించుకున్న పిల్ల! దుప్పటి ముసుగులో మాత్రం మాట తడబడేది కాదు.

వీడియో పూర్తయ్యాక నానమ్మను కూర్చోబెడతారు. నానమ్మకు అర్థమైతేనే వీడియో బయటికి వెళుతుంది. అర్థం కాకపోతే మళ్ళీ మొదటికి. అన్నీ సరిపోయాక చివరి మీట మీద అక్క వేలు పెడుతుంది, ఆ వేలి మీద చిన్నది తన వేలు పెడుతుంది, ఇద్దరూ కలిసి నొక్కుతారు. ఇప్పటిదాకా నాలుగు వీడియోలు అలాగే వెళ్ళాయి.

బుధవారం ఒక పోస్టమ్మగారు రాసింది. నిజంగానే ఉత్తరాలు పంచే మనిషి. కాలు విరిగి కట్టు వేయించుకుని ఇంట్లో కూర్చుని, కుందేలు చేత ఉత్తరాలు పంచిస్తోంది. 'ఆడేదీ నువ్వే, చెప్పేదీ నువ్వేనా? ఎంత నెమ్మదైన చేతులు తల్లీ నీవి' అని అడిగింది.

చిన్నదాని గొంతును పొగిడినవాళ్ళున్నారు గానీ, చేతులను పుట్టాక ఎవరూ పొగడలేదు. కుట్లు వంకర, రాత వంకర, బంతి విసిరితే వెనక్కి పోతుంది. చిన్నది ఆ మాటను నాలుగుసార్లు చదువుకుంది. తర్వాత 'ఆడేదీ నేనే, మాట్లాడేదీ నేనే' అని రాసేసింది. వెంటనే చెరిపేద్దామనుకుంది. ఒక్క గంట ఉండనిద్దామనుకుంది. ఆ గంటలోనే అక్క చూసింది.

*

"ఏమే, మొదలుపెట్టవేం?" అంది నానమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "బండి కదలాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలిగా."

"నాకు రాదు నానమ్మా."

"రానివాళ్ళ కోసమే కదే మీ వీడియోలు. నీ అంత బాగా రానివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? కూర్చో."

అమ్మ ఇస్త్రీ చేస్తూనే ఫక్కున నవ్వబోయి, ఇస్త్రీకి వచ్చిన దుప్పటితో నోరు మూసుకుంది.

చిన్నది కంట్రోలరు తీసుకుంది. అక్క వేళ్ళు అరగదీసిన చోట్ల నున్నగా ఉంది. రికార్డు మీట నొక్కి, ఆటలో ఐదో మెట్టు తెరిచింది.

ఊగే వంతెన. తాళ్ళకు వేలాడే ఏడు చెక్కలు. ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకుతూ కుందేలు అవతలి గట్టుకు చేరాలి. తప్పితే నీళ్ళలో పడుతుంది, పైకొచ్చి చెవులు దులుపుకుంటుంది, ఉత్తరాలన్నీ తడిసిపోతాయి.

"చెక్క మన దగ్గరికి రాగానే దూకాలి," అని తనకు తానే చెప్పుకుంది చిన్నది. పోయినవారం వీడియో చివర అందరికీ చెప్పింది కూడా అదే.

చెక్క దగ్గరికి వచ్చింది. కుందేలు దూకింది. నీళ్ళు చింది తెర మీద పడ్డాయి.

"టిక్."

చిన్నది తిరిగి చూసింది. నానమ్మ ఒళ్ళో పాత వార్తాపత్రిక, చేతిలో తన పాత టికెట్టు పంచింగు మిషను. పత్రిక అంచుకు ఒక చిల్లు పొడిచింది.

"అదేంటి?"

"ఒక టికెట్టు. పడ్డప్పుడల్లా ఒకటి. లెక్క ఉండాలిగా."

మళ్ళీ దూకింది. టిక్. మళ్ళీ. టిక్. పదకొండోసారి కుందేలు వెనక్కి దూకింది. ఇరవై రెండోసారి అసలు దూకనే లేదు, తాపీగా నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళలో దిగిపోయింది.

"ఆత్మహత్య," అంది నానమ్మ, టిక్‌మని పొడుస్తూ.

"బొటనవేలికి చెమట పట్టింది నానమ్మా!"

"కుందేలుకు చెప్పు ఆ సంగతి."

ముప్పై చిల్లులు దాటేసరికి చిన్నదానికి కళ్ళలో నీళ్ళు తిరగడం మానేసి పౌరుషం వచ్చింది. అమ్మ ఒక చొక్కాకే మూడుసార్లు ఇస్త్రీ చేసింది, కళ్ళు తెర మీదే పెట్టి. నలభై ఒకటో చిల్లు పడ్డాక చిన్నది కంట్రోలరును ఒళ్ళో పడేసుకుంది.

"నేను చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాను. మరి ఎందుకు పడుతున్నాను?"

ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చాక, అది తన చెవికే వింతగా తగిలింది. పోయినవారం నుంచీ జనం రాస్తున్నారు. 'మీరు చెప్పినట్టే దూకాను, అరవైసార్లు పడ్డాను' అని ఒకరు. 'నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది' అని ఇంకొకరు. 'ప్రయత్నించండి, వచ్చేస్తుంది' అని తీయగా జవాబులు రాసింది తను. లోపం వాళ్ళ చేతుల్లో లేదు. వంతెన మీద ఎప్పుడూ కాలు పెట్టని మనిషి దారి చెప్పింది.

"ఇటివ్వు," అంది నానమ్మ. కళ్ళజోడు పైకి తోసుకుని, కంట్రోలరును స్టీరింగు పట్టినట్టు రెండు చేతులా పట్టుకుంది. "దూకడం ఏది? ఇదేనా? సరే. నా టికెట్లు పత్రికకు అటువైపు పొడువు. నీవీ నావీ కలిపేయకు."

నానమ్మ దూకలేదు. చాలాసేపు చెక్కను చూస్తూ కూర్చుంది. చెక్క వస్తోంది, పోతోంది. ఆమె తల కూడా దానితో పాటు ఊగుతోంది.

"దూకు నానమ్మా."

"ఉండవే. కదిలే బస్సు ఎక్కేవాళ్ళను ముప్పై ఏళ్ళు చూశాను. బస్సు వస్తోందని ఎదురెళ్ళినవాడు పడతాడు. మలుపు దగ్గర బండి ఊపు తగ్గి, ఎటు పోదామా అని ఒక్క క్షణం ఆలోచిస్తుంది. అప్పుడు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టినవాడు నిలబడతాడు. ఈ చెక్క చూడు. ఆ కొసకు వెళ్ళి ఆగి, ఆలోచిస్తోంది. ఇదిగో... ఇదిగో... రైట్!"

కుందేలు దూకింది. చెక్క మీద నిలబడింది.

చిన్నది నోరు తెరిచేసింది. అమ్మ ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయి, కాలిన వాసన రాగానే ఉలిక్కిపడి ఎత్తింది.

రెండో చెక్క దగ్గర నానమ్మ పడింది. మొత్తం ఆరుసార్లు పడింది. ఏడోసారి "రైట్... రైట్... హోల్డాన్... రైట్!" అంటూ ఏడు చెక్కలూ దాటి, కుందేలును అవతలి గట్టున దించి, "దిగేవాళ్ళు దిగండి" అంది. పాపం, అది కూడా గుసగుసగానే. అంత విజయాన్ని గుసగుసగా చెప్పడానికి ఆమె మెడ నరాలు ఉబ్బాయి.

"ఇప్పుడు నువ్వు," అని కంట్రోలరు తిరిగిచ్చింది.

ఆలోచిస్తున్న చెక్కను ఇప్పుడు చిన్నది కూడా చూడగలుగుతోంది. మూడో చెక్క దాకా వెళ్ళింది. ఐదో చెక్క దాకా వెళ్ళింది. ఒకసారి ఆరో చెక్క మీద నిలబడింది కూడా. ఏడోది కళ్ళముందే ఊగుతోంది. తొందరపడింది. టిక్. పత్రికలో నలభై తొమ్మిదో చిల్లు.

చూసుకుంటే మైకు కట్టేయడం మరిచిపోయింది. చిల్లుల చప్పుడు, నానమ్మ మాటలు, తన మూలుగులు అన్నీ రికార్డయ్యాయి. మామూలుగా అయితే ఒక్క తడబాటు కూడా ఉంచదు, కత్తిరించి పారేస్తుంది. ఇవాళ కత్తెర గుర్తు మీద వేలు పెట్టి, చాలాసేపు ఆగి, వేలు వెనక్కి తీసుకుంది. పడినవన్నీ ఉంచింది.

తర్వాత దుప్పటి ముసుగేసుకుంది.

మొదటిసారి రెండు మాటలకే ముసుగు తీసేసింది. రెండోసారి మధ్యలో ఆగిపోయింది. మూడోసారి మాటలు ఎంత మెల్లగా వచ్చాయంటే, తనకే వినపడలేదు. నాలుగోసారి కళ్ళు మూసుకుని చెప్పింది.

"ఒక మాట. మొదటి నాలుగు వీడియోల్లో కుందేలును నడిపించిన చేతులు మా అక్కవి. నేను మాట్లాడేదాన్ని మాత్రమే. పోస్టమ్మగారూ, మీకు నేను అబద్ధం చెప్పాను. మీ పొగడ్త నాకు నచ్చింది, అందుకు. వంతెన గురించి పోయినవారం చెప్పింది కూడా తప్పే. మీరు పడితే లోపం మీ చేతుల్లో లేదు, నా మాటలో ఉంది. ఈ వీడియోలో పడేది నేను. దాటింది మా నానమ్మ."

*

రెండున్నరకు అక్క వచ్చింది. చెప్పులు విప్పింది. నీళ్ళు తాగింది. ఎవరినీ చూడకుండా తన గదిలోకి వెళ్ళబోయింది.

"ఆగు," అంది నానమ్మ. "వీడియో అయింది. చూసి పో."

"నాకెందుకు?"

"నేను దాటాను కాబట్టి."

"నువ్వు? ఏం దాటావు?"

"వంతెన."

అక్క నానమ్మను చూసింది, అమ్మను చూసింది. అమ్మ అవునన్నట్టు తలూపింది. అక్క సంచీ కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. ఉన్నవి ఒక జత ఇయర్‌ఫోన్లే. ఒకటి అక్క చెవిలో, ఒకటి చిన్నదాని చెవిలో. ఆ తీగ పొట్టిది. ఎంత కోపమున్నా తలలు దగ్గరికి రాక తప్పదు.

మొదటి పదిసార్లు పడ్డప్పుడు అక్క ముఖం గోడలా ఉంది. పదకొండోసారి కుందేలు వెనక్కి దూకగానే పెదవి కొస కదిలింది. ఇరవై రెండోది వచ్చింది. కుందేలు తాపీగా నడుచుకుంటూ నీళ్ళలో దిగింది. 'ఆత్మహత్య' అంది నానమ్మ గొంతు. అక్క భుజాలు ఎగిరిపడ్డాయి. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, బల్ల మీదికి వాలిపోయి, చప్పుడు లేకుండా నవ్వింది.

"అలా ఎవరైనా... నడుచుకుంటూ... దాని సంచీ చూడవే, ఎంత బుద్ధిగా పట్టుకుందో..."

"నా బొటనవేలికి చెమట పట్టింది," అంది చిన్నది. అని, తనూ నవ్వింది.

నానమ్మ దాటేటప్పుడు అక్క నవ్వు ఆపి ముందుకు వంగింది. "ఆలోచిస్తుందా?" అంది. తన బొటనవేలిని ఎత్తి చూసుకుంది. "నేను అక్కడే దూకుతాను. కానీ అక్కడ దూకుతున్నానని నాకే తెలీదు. ఈ వేలికి తెలుసేమో. నాకెప్పుడూ చెప్పలేదు."

తర్వాత చిన్నదాని మాటలు వచ్చాయి. తలలు దగ్గరగానే ఉన్నాయి. చిన్నది బల్ల మీద గీత ఒకదాన్ని గోటితో గీరుతూ కూర్చుంది. పోస్టమ్మగారి మాట వచ్చినప్పుడు అక్క ఒక్కసారిగా తలెత్తడంతో తీగ లాగినట్టయింది.

వీడియో అయిపోయింది.

చిన్నది మెల్లగా చివరి మీట మీద వేలు పెట్టింది. అక్క వేలు కోసం చూసింది.

అక్క చెయ్యి రాలేదు.

"ముందు నేనొకటి చెప్పాలి," అంది. ఈసారి నానమ్మ మీదుగా కాదు. "పొద్దున కోపంలో... దుకాణానికి వెళ్ళగానే... ఒకటి రాసి పెట్టాను. నీ పేరు మీద."

ఫోను తీసి చూపించింది.

'రేపు సాయంత్రం నాలుగు గంటలకు గుసగుస మీ అందరి ముందు, అప్పటికప్పుడు, ఊగే వంతెన దాటుతుంది. కత్తిరింపులు ఉండవు. చేతులు కూడా కనిపిస్తాయి.'

కింద నూట ఎనభై మంది వస్తామని రాశారు. పోస్టమ్మగారు అందరికంటే ముందు రాసింది. 'మా తపాలా ఆఫీసువాళ్ళం అందరం మా ఇంట్లో కలిసి చూస్తాం. నా కాలికట్టు మీద మీ కుందేలు బొమ్మ వేయించుకున్నాను.'

"తీసేస్తాను," అంది అక్క గబగబా. "ఇప్పుడే తీసేస్తాను. జ్వరం వచ్చిందని రాస్తాను. నిన్ను అందరి ముందూ నీళ్ళలో పడేయాలని రాశానే. అంత కోపం వచ్చింది నాకు. నువ్వు ఇది చేస్తావని నాకేం తెలుసు?"

"తీసెయ్, తీసెయ్," అంది అమ్మ. "హాజరు పలకడానికే వణికే పిల్ల. నూట ఎనభై మంది ముందు దాని ప్రాణం పోతుంది."

"నాలుగింటికా?" అంది నానమ్మ, తీరిగ్గా పత్రిక మడుస్తూ. "నాలుగింటికి మీ నాన్న లేచే ఉంటాడు. ఇంట్లో నిద్రపోయేవాళ్ళు ఉండరు. గుసగుసలాడాల్సిన పని కూడా లేదు."

చిన్నది దుప్పటి వైపు చూసింది. చేతులు ఒక ఎత్తు. దుప్పటి లేకుండా, గుసగుస లేకుండా, మామూలు గొంతుతో మాట్లాడాలా? ఆ గొంతు ఎలా ఉంటుందో తనకే సరిగ్గా తెలీదు.

అక్క వేలు అప్పటికే ఫోను మీద ఉంది. తీసేయాలా అని అడిగే గుర్తు తెర మీద వచ్చింది.

చిన్నది పత్రిక వైపు చూసింది. అంచు పొడుగునా నలభై తొమ్మిది చిల్లులు. ఆఖరి చిల్లు ఆరో చెక్క మీంచి పడినది. ఇంకొక్క చెక్క. చివరి చెక్క ఆమె మనసులో కొసకు వెళ్ళి, ఆగి, ఆలోచిస్తోంది.

"ఉండనీ!"

అమ్మ చేతిలోని ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగిపోయింది. అక్క ఫోను ఒళ్ళో జారవిడిచింది. చిన్నది అక్క చెయ్యి పట్టుకుని, ఆ వేలిని లాగి మీట మీద పెట్టి, దాని మీద తన వేలు పెట్టి నొక్కేసింది. వీడియో వెళ్ళిపోయింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"ఎవరే అక్కడ?" అన్నారు నాన్న, నిద్రమత్తులో. "ఏదో కొత్త గొంతు వినిపించింది. ఇంటికెవరొచ్చారు?"

జవాబు చెప్పమన్నట్టు ముగ్గురూ చిన్నదాని వైపే చూస్తున్నారు. తలుపు గడియ కదిలింది.